ఆగడం నేర్చుకునే రాజ్‌దూత్

ఢిల్లీ మెట్రోలో కరోల్ బాగ్ స్టేషను వద్ద దిగి, నగల దుకాణాలనూ పెళ్ళి బట్టల అంగళ్ళనూ దాటి నాయీవాలా గల్లీ వైపు మళ్ళిన బాటసారిని మొదట పలకరించేది గ్రీజు వాసన. దుకాణాల ముందు సైలెన్సర్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. పెట్రోలు టాంకులు, హెడ్‌లైట్లు, చక్రాలు అరుగులు దాటి వీధిలోకి పొంగి వస్తుంటాయి. 1947లో దేశవిభజన నిలువనీడ లేకుండా చేసిన పంజాబీ కుటుంబాలు ఎన్నో తలదాచుకున్న పేట ఇది. నేడు లడఖ్ యాత్రకు బుల్లెట్టును అద్దెకు తీసుకునే యువకులూ, పాత బండికి ప్రాణం పోయించదలచిన నడివయస్కులూ ఇక్కడ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతారు.

ఈ గల్లీ ఎరిగిన పాత యంత్రాలలో రాజ్‌దూత్ 350 కథ ప్రత్యేకమైనది. దాని పుట్టినిల్లు ఎంతో దూరం లేదు. మథురా రోడ్డు వెంట దక్షిణంగా సాగితే వచ్చే ఫరీదాబాద్. జపానుకు చెందిన యమహా ఆర్.డి. 350 నమూనాను ఎస్కార్ట్స్ సంస్థ 1983లో అక్కడ తయారు చేయనారంభించింది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. జపాను బండి శక్తి 39 హార్స్‌పవర్. పెట్రోలు పొదుపు కోసం ఇక్కడ దానిని 30 ప్రాంతానికి దించారు. ధర తగ్గించడానికి ముందు చక్రపు డిస్కు బ్రేకును తొలగించి డ్రమ్ము బ్రేకును అమర్చారు. అయినా నాటి భారతీయ రహదారులపై దాని వేగం అబ్బురమే. ఆ వేగానికి తగిన నిలుపుదల మాత్రం లేకపోయింది. ఆర్.డి. అంటే ‘ర్యాపిడ్ డెత్’ అని జనం అర్థం చెప్పుకునే దాకా వచ్చింది. 1990 ప్రాంతంలో దాని తయారీ ఆగిపోయింది, అభిమానం ఆగలేదు.

వేగం రెట్టింపైతే బండి ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్లలో ఆగగల బండికి, 100 కిలోమీటర్ల వేగంలో 80 మీటర్లు కావాలి. డ్రమ్ము బ్రేకులో షూలు చక్రం నడుమనున్న గిన్నె లోపలి గోడను ఒరుసుకుంటాయి. ఆ రాపిడికి పుట్టిన వేడి లోపలే చిక్కుకుంటుంది. గిన్నె వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు సడలుతుంది. డిస్కు అయితే బయట గాలిలో తిరుగుతూ త్వరగా చల్లబడుతుంది. అందుకే నేడు చాలామంది యజమానులు ఫరీదాబాద్ తీసివేసిన డిస్కును వెదికి తెచ్చి మళ్ళీ బిగించుకుంటున్నారు. డబ్బు చాలనివారు డ్రమ్మును లేతు మీద గుండ్రంగా కోయించి, కొత్త లైనింగు వేయించుకుని తృప్తిపడతారు.

అయితే అనుభవజ్ఞుడైన మిస్త్రీ డిస్కు కంటే ముందు ఫోర్కులను చూస్తాడు. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. నలభై ఏళ్ళుగా నలిగిన స్ప్రింగులు ఆ బరువుకు పూర్తిగా కుంగిపోతే, ఆ తరువాత వచ్చే గుంతను చక్రం తట్టుకోలేదు. టైరు నేలను విడిచి ఎగురుతుంది. నేల తాకని చక్రానికి ఎంత మంచి బ్రేకు ఉండి ఏమి ప్రయోజనం? ఫోర్కు సీలు చిరిగి నూనె కారితే అది డిస్కు మీద పడి బ్రేకు జారిపోతుంది కూడా. కనుక సీళ్ళు, స్ప్రింగులు, తగినంత చిక్కదనం గల నూనె, వెనుక షాక్ అబ్సార్బర్లు చక్కబడ్డాకే బ్రేకు వంతు. బ్రేకు ఒక్కటే మార్చిన బండి కొత్త ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్లే.

‘అసలు రూపం చెడదా?’ అని సంప్రదాయవాదులు అడుగుతారు. 2021లో కేంద్రప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన వాహనాలకు ‘వింటేజ్’ హోదా కల్పిస్తూ నియమాలు చేసింది. ఛాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదని వాటిలో షరతు పెట్టింది. కాని 1983 రాజ్‌దూత్‌కు ఆ గౌరవం 2033కు గాని దక్కదు. ఈలోగా దాని మీద మరో కత్తి వేలాడుతున్నది. 15 ఏళ్ళు దాటిన పెట్రోలు వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో ఆ విషయమై మళ్ళీ వాదోపవాదాలు నడిచాయి. అనుమతి పత్రంతో దూర జిల్లాలకు తరలిపోయిన బళ్ళు కొన్ని, వరండాలో దుప్పటి కప్పుకుని కాలం గడుపుతున్నవి కొన్ని. వృద్ధాప్యానికీ గౌరవానికీ నడుమ చిక్కిన ఈ తరం యంత్రాల పట్ల చట్టానికి ఇంకా మనసు కుదరలేదు.

పనిదిమ్మె మీద పడుకోబెట్టిన ఫోర్కులోంచి ముదురు నలుపు నూనె బొట్లు బొట్లుగా పాత డబ్బాలోకి జారుతుంది. ఎన్ని దశాబ్దాల గుంతలో ఆ నూనెలో కరిగి ఉన్నాయి. కొత్త నూనె పోసి, డిస్కు బిగించి, మిస్త్రీ బండిని గల్లీ చివరిదాకా నడిపి ఒక్కసారి బ్రేకు పడతాడు. బండి ముందుకు కొద్దిగా తల వంచి, నిలిచి, మెల్లగా తల ఎత్తుతుంది. ఎలా పరుగెత్తుతోందని యజమాని అడుగుతాడు. మిస్త్రీ మాత్రం టైరు నిలిచిన చోటునే చూస్తుంటాడు.