బతికున్న చేపల బేరం: కలకత్తా నుంచి ఒక ఉత్తరం

కోల్‌కతా, మాఘమాసం

అన్నయ్యకు, వదినకు,

మన ఆకివీడు లారీలు ఒడిశా అంతా దాటుకుని ఎక్కడ ఆగుతాయో కళ్లారా చూశాను. హౌరా వంతెనకు దగ్గర్లోని హోల్‌సేల్ చేపల మార్కెట్‌లో తెల్లవారకముందే ఐసు పెట్టెలు దింపుతున్నారు. మూత తీస్తే లోపల మన శీలావతి, మన బొచ్చె. ఎవరో "పక్కకి లాగరా, దారికి అడ్డం" అని తెలుగులో కేకేస్తే ఉలిక్కిపడి చూశాను. లారీ క్లీనరు! పలకరిస్తే కైకలూరట. ఇంత దూరం వచ్చి సొంతూరి మనిషిని చూసినంత సంబరం వేసింది నాకు. అతనికి మాత్రం నిద్ర తప్ప ఇంకేమీ పట్టలేదు.

ఆ సంబరం గరియాహాట్ బజారుకు వెళ్లేదాకానే. అక్కడ మన చేపను "చాలానీ" అంటారు, బయటి నుంచి లారీలో వచ్చిన సరుకు అని. చేతిసంచీ పట్టుకొచ్చిన ఒక పెద్దాయన మన శీలావతి మొప్ప ఎత్తి చూశాడు, కన్ను నొక్కి చూశాడు, వదిలేసి పక్క బల్లకి జరిగాడు. అక్కడ పెద్ద సత్తు పళ్లెంలో జానెడు నీళ్లు, ఆ నీళ్లలో ఎగిరెగిరి పడుతున్న చేపలు. అవి "జ్యాంతో", బతికున్నవి. కిలోకి మన చేప కంటే బాగా ఎక్కువ ధర చెప్పారు. ఆయన బేరమే ఆడలేదు! చేపలమ్మే మనిషి నిలువు కత్తిపీట ముందు చతికిలబడి ఎన్ని రకాలుగా కోసిచ్చాడనుకున్నావు వదినా! పొట్ట వైపు ముక్కలు వేరు, వాటి పేరు పేటీ. వీపు వైపువి వేరు, అవి గాదా. తలకాయ పెసరపప్పులోకి. పొలుసు తీయడం, కడుపు శుభ్రం చేయడం అన్నీ ఆ ధరలోనే. ఇంట్లో ఆవిడకు పసుపు, ఉప్పు పట్టించి ఆవనూనెలో వేయడమే మిగిలిన పని.

ఈ జ్యాంతో చేప ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే "భేరీ" అని తూర్పు వైపు చెయ్యి చూపించారు. నా తరువాతి ప్రయాణం అటే.

నగరానికి తూర్పు అంచున బైపాస్ రోడ్డు ఉంది. దానికి ఒక పక్క ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, ఐటీ ఆఫీసులు. రెండో పక్కకి మళ్లి కాస్త లోపలికి వెళ్తే చెరువు, గట్టు, మళ్లీ చెరువు. భేరీలంటే ఈ చెరువులే. కైకలూరు దాటాక మనకు కనిపించే దృశ్యమే అచ్చంగా, కాకపోతే ఇక్కడికి సిటీ టాక్సీలో వస్తాం. ఇంకో విచిత్రం విను. ఈ తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలకీ మన కొల్లేరుకీ అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు ఒకే రోజున వచ్చింది, 2002 ఆగస్టు 19న. మన కొల్లేటి ప్రాంతం 901 చదరపు కిలోమీటర్లు, ఇది 125. ఇంత చిన్నదే అయినా ఏడాదికి 10,000 టన్నులకు పైగా చేప పండిస్తుంది.

మేత ఏమిటనుకున్నావు అన్నయ్యా? తవుడు, చెక్క ధరలు చూసి నువ్వు తిట్టుకోని రోజుండదు కదా. ఇక్కడ ఆ ఖర్చులో చాలా భాగం కలకత్తా నగరమే భరిస్తోంది. నగరంలోంచి రోజూ 75 కోట్ల లీటర్లకు పైగా మురుగునీరు కాలువల్లో తూర్పుకి పారుతుంది. అందులో ఒక భాగాన్ని తూముల ద్వారా చెరువుల్లోకి మళ్లిస్తారు.

మొహం అలా పెట్టకు వదినా, నేనూ మొదట అలాగే పెట్టాను. గట్టు మీద పనిచేసే ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పాకే కొంచెం కుదుటపడ్డాను. శీతాకాలంలో చెరువు ఎండగట్టి అడుగు దున్నుతారు, సున్నం చల్లుతారు. ఆ తరువాత మురుగునీరు పెట్టి రెండు మూడు వారాలు కదపకుండా వదిలేస్తారు. లోతు మొలబంటికి అటూ ఇటూ ఉంటుంది, అంతకంటే లోతు పనికిరాదు. ఎండ అడుగుదాకా దిగాలి. ఎండ తగిలితే నాచు పుడుతుంది, నాచు ప్రాణవాయువు వదులుతుంది, రోగకారక క్రిములు చస్తాయి, కంపు పోతుంది. నీళ్లు పచ్చబడ్డాకే చేపపిల్లను వదలడం. ఆపైన నీటి రంగు చూసి కొద్దికొద్దిగా మురుగు అందిస్తుంటారు. గట్ల వెంట గుర్రపుడెక్కను వెదురు కట్టి నిలబెట్టారు! మనం కూలీలను పెట్టి పీకించే దాన్ని వీళ్లు పెంచుతున్నారు. అల తాకిడికి గట్టు కోసుకుపోకుండా కాస్తుంది, నీళ్లలో కొట్టుకొచ్చే లోహాలను కొంత పీల్చుకుంటుంది, మండే ఎండలో చేపకు నీడ ఇస్తుంది. మూడు ఉద్యోగాలు, జీతం లేదు.

ఈ విద్య ఎవరో ఇంజనీరు గీసిచ్చింది కాదు. ఇక్కడ ఒకప్పుడు బిద్యాధరి నది ఆటుపోట్లతో ఉప్పునీటి చేపల చెరువులు ఉండేవి. ఒండ్రు పూడి నది చచ్చిపోయిందని 1928లో ప్రభుత్వమే ప్రకటించింది. నీళ్లు లేక చెరువులు ఎండిపోతుంటే, ఆ మరుసటి ఏడు బిద్యాధర్ సర్కార్ అనే ఆయన మురుగు కాలువ నీటిని తిప్పుకుని చేప పెంచి చూపించాడంటారు. అది చూసి చుట్టుపక్కల వాళ్లూ మొదలుపెట్టారు. అయితే ఈ మురుగంతా ఏమైపోతోందని నగరం వాళ్లు అడగడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1980ల్లో ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు కాలువ వెంట నడుచుకుంటూ పోయి, శుద్ధి కర్మాగారం చేయాల్సిన పని ఎండా నాచూ చేపా కలిసి చేసేస్తున్నాయని లోకానికి చెప్పాడు. 1990లో ఐక్యరాజ్యసమితి వారి గ్లోబల్ 500 గౌరవం ఆయనకు దక్కింది. 1992లో కలకత్తా హైకోర్టు ఇక్కడి చెరువులు పూడ్చకూడదని తీర్పిచ్చింది. 2006లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. ఇన్ని ఉన్నా రియల్ ఎస్టేట్ కన్ను ఈ నేల మీద నుంచి తిరగలేదు. గట్టు మీద నిలబడితే అటువైపు కొత్త అంతస్తులు లేస్తూ కనిపిస్తూనే ఉంటాయి. తోలు కర్మాగారాల వ్యర్థాలు కలిసే చోట లోహాల భయం ఉన్న మాటా నిజమే, దాన్ని దాచి రాయడం నాకు ఇష్టం లేదు.

నేను చూసిన ఏ దుకాణం బోర్డు మీదా మురుగు ఊసు లేదు సుమా. "భేరీ చేప, బతికున్న చేప" అంతే.

ఈ భేరీల చేపను అమ్మే చౌబాగాలో తెల్లవారుజామున వేలం చూడాలి నువ్వు, అన్నయ్యా. రాత్రి గట్టు మీద ఆలాఘర్‌లో, అంటే మన కాపలా గుడిసె లాంటి దానిలో, దొంగవలల కోసం టార్చిలైట్లు పట్టుకుని కాపలా కాస్తారు. చీకటి ఉండగానే వల లాగి చేపల్ని నీళ్లతో సహా సత్తు బిందెల్లోకి ఎత్తుతారు. ఆ బిందెల్ని వ్యానుల్లో, సైకిళ్ల మీద పరుగున తెస్తారు. దారి పొడవునా ఒక మనిషి నీళ్లను అరచేత్తో తపతపా కొడుతూనే ఉంటాడు, గాలి కలవడానికి. అతనే మన ఎయిరేటరు! సూర్యుడు పైకొచ్చేసరికి వేలం ముగిసిపోతుంది. మన దగ్గర పట్టుబడి అయ్యాక ఐసు, ప్యాకింగు, లారీ కిరాయి, కమిషన్ అని ఎన్ని చేతులు పడతాయో నీకు నేను చెప్పాలా? వీళ్లకు ఐసు ఖర్చే లేదు. దూరం లేకపోవడమే వీళ్ల పెట్టుబడి.

ఇక వదిన అడిగిన సంగతి. చెరువు గట్టు మీద దుకాణం పెట్టి, ఆదివారాలు ఏలూరు నుంచి, విజయవాడ నుంచి కుటుంబాలు వచ్చేలా చేస్తే ఎలా ఉంటుందని కదా. దానికి ఇక్కడ రెండు నమూనాలు చూశాను.

మొదటిది సాల్ట్‌లేక్ అంచున నల్‌బన్. రాష్ట్ర మత్స్యాభివృద్ధి సంస్థ నడిపే పెద్ద భేరీ. పక్కనే ఐటీ కంపెనీలు, నిక్కో పార్కు. చెరువులో చేప పెరుగుతుంది, చెరువు మీద పడవ షికారు, ఒడ్డున వేపుడు చేప తినడానికి ఫుడ్ పార్కు. ఫోన్‌లో ఆర్డరు పెడితే చేప ఇంటికి పంపే ఏర్పాటు కూడా ఈ సంస్థ చేసింది. సాయంత్రం నేను వెళ్లేసరికి ఆఫీసు పిల్లలతో కిటకిటలాడుతోంది. పక్కబల్ల దగ్గర కూర్చున్న జంటను "ఈ చెరువులో ఏం చేప పెరుగుతుంది?" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షికారు ఉంది, తిండి ఉంది, కానీ చెరువు వాళ్లకు వట్టి గాలి తగిలే చోటు.

రెండోది నగరానికి పడమర, గార్డెన్‌రీచ్‌లో, బ్రేస్‌బ్రిడ్జి రైల్వే స్టేషన్ దగ్గర. ముదియాలీ మత్స్యకారుల సహకార సంఘం. నేల పోర్టుది, చెరువుల మీద శ్రమ సంఘానిది. ఫ్యాక్టరీల నీరూ ఇళ్ల నీరూ కలిసి లోపలికి వస్తుంది. గుర్రపుడెక్క నిండిన కాలువ దాటి, ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మెల్లగా జారుతూ, తేటపడ్డాకే మణిఖాల్ అనే కాలువ ద్వారా హుగ్లీకి చేరుతుంది. ఈ చెరువుల మధ్యే చెట్లు పెంచి, జింకలను పెట్టి, పార్కు చేసి టికెట్ పెట్టారు. శీతాకాలంలో పిక్నిక్ జనం వస్తారు, పక్షులను చూసేవాళ్లు దుర్భిణులతో వస్తారు. పొద్దున చేప అమ్మకం, పగలు టికెట్ ఆదాయం. పార్కు చూపించే మనుషులు, వల లాగే మనుషులు ఒకే సంఘం వాళ్లు కనుక, అడిగిన ప్రతిదానికీ జవాబు దొరికింది నాకు. నేను ఓటు వేస్తే దీనికే వేస్తాను.

ముదియాలీ చూశాక ఇటలీ సంగతి గుర్తొచ్చింది. అక్కడ 1985లోనే పొలం విడిది మీద చట్టం చేశారు. అతిథులను ఉంచుకోవచ్చు, వండి పెట్టవచ్చు, కానీ అసలు వృత్తి వ్యవసాయమే అయి ఉండాలని అందులో షరతు. మన వైపు కొన్ని ఫామ్‌హౌస్ రిసార్టుల్లో నాలుగు కొబ్బరిచెట్లకు సీరియల్ లైట్లు చుట్టి పల్లె అనుభవం అని డబ్బు గుంజుతారు చూడు, వాళ్లకు ఆ షరతు చదివి వినిపించాలనిపిస్తుంది.

గాలం సంగతి మరిచిపోయాను! బెంగాలీలకు గాలం పిచ్చి ఇంతా అంతా కాదు. చెరువు యజమానికి డబ్బు కట్టి, టికెట్ తీసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొడుగు కింద కూర్చుంటారు. రిటైరైన హెడ్మాస్టరు, బ్యాంకు మేనేజరు, ఆటో డ్రైవరు, అందరూ ఒకే గట్టు మీద, ఎవరూ మాట్లాడరు. ఎరగా ఎర్రచీమల గుడ్లు! చేపల్ని ఆ చోటికి రప్పించడానికి ఆవచెక్క, మెంతులు, ఇంకేవేవో సుగంధ ద్రవ్యాలు కలిపి ముద్ద చేసి నీళ్లలో వేస్తారు. ఎవరి దినుసుల పాళ్లు వాళ్ల రహస్యం. నేను ఒకాయన్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. చేప పడ్డా పడకపోయినా టికెట్ డబ్బు యజమానికి వచ్చినట్టే. ఇంత తేలికైన రాబడి ఇంకోటి నేను చూడలేదు.

కూరగాయల దుకాణాల గురించి కూడా ఒక ముక్క. 1999లో మన రైతుబజార్లు వచ్చినట్టే, ఇక్కడ 2014లో ప్రభుత్వం సుఫల్ బాంగ్లా మొదలుపెట్టింది. రైతుల దగ్గర కొని వ్యాన్లలో, చిన్న దుకాణాల్లో అమ్ముతారు, ధరల పట్టిక బయటే ఉంటుంది. తేడా ఏమిటంటే మన రైతుబజారుకు మనం వెళ్లాలి, ఇక్కడ వ్యాను వీధిలోకి వస్తుంది. అపార్ట్‌మెంట్ల ముసలివాళ్లకు ఇది వరం.

వదినా, నా లెక్క ఇది. మొదట గదులు కట్టొద్దు, ఊయలలు, పడవలు కొనొద్దు. గట్టు మీద రోడ్డు వైపు సిమెంటు తొట్టి ఒకటి, అందులో బతికున్న బొచ్చె, శీలావతి, దొరికితే కొరమేను. పక్కన కోసిచ్చే మనిషి. మన ఆడవాళ్లు ఇంట్లో పొలుసు తీయడం తప్పించుకోవాలని ఎంత చూస్తారో నాకంటే నీకే బాగా తెలుసు, కాబట్టి ఆ మనిషి జీతం దగ్గర వెనకాడొద్దు. పులుసు ముక్క, వేపుడు ముక్క, తలకాయ వేరువేరుగా కట్టివ్వాలి. జనం రావడం అలవాటయ్యాక ఒక చిన్న చెరువును గాలానికి వదలండి, టికెట్ పెట్టండి. కూర్చున్నవాళ్లకు ఆకలేస్తుంది, అప్పుడు నీ చేపల పులుసు. వల లాగే రోజు ముందే బోర్డు మీద రాసి పెట్టాలి. ఇక్కడ పిల్లలు కళ్లార్పకుండా చూసింది పడవల్ని కాదు, వల పైకొస్తున్నప్పుడు ఎగిరే చేపల్ని.

అన్నయ్య మాత్రం లారీ ఆపేయొద్దు. టన్నుల సరుకుకి హౌరాయే గతి, తొట్టిలోకి వెళ్లేది అందులో ఏ కొంచెమో. కాకపోతే ఆ కొద్దిదానికి ధర చెప్పేది వదిన అవుతుంది, కమిషన్ ఏజెంటు కాదు.

తొట్టి కట్టించే ముందు కరెంటు లైను సంగతి తేల్చుకోండి. వేసవి మధ్యాహ్నం గంటసేపు కరెంటు పోయిందంటే తొట్టిలో చేప తేలిపోతుంది, చేత్తో నీళ్లు కొట్టే మనిషి మన ఊళ్లో దొరకడు. జనరేటరుకి ఎంతవుతుందో కనుక్కుని రాయండి. నేను రేపు ధాపా వైపు వెళ్తున్నాను, నగరం చెత్త పోసిన నేల మీద కాలీఫ్లవరు ఎలా పండిస్తారో చూడాలి. వదిన అడిగిన ఆవనూనె కొన్నాను. నిలువు కత్తిపీట కూడా కొందామనుకున్నాను కానీ రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు, పార్సిల్ వేయించే దారి చూస్తున్నాను.

మీ చెల్లి