లేఖా, ఉత్తరమూ - ఒక తెలుగు పంతులు అనుభవం

తెలుగు పంతులుగా నేను ముప్పైమూడేళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డు పల్లెల్లో గడిచింది. చివరి తొమ్మిదేళ్ళూ విజయనగరం దగ్గర వున్నాను. బడిలో భాష నేర్పడానికి సాహిత్యం ఏ మేరకు పనికివస్తుందో రాయమని మిత్రులు అడిగితే, సిద్ధాంతంతో మొదలుపెడదామని కూర్చున్నాను. కలం సాగలేదు. నేను చేసిన ఒక తప్పు చెప్పుకోకుండా ఈ విషయం మీద మాట్లాడే హక్కు నాకు లేదనిపించింది. కనుక అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1984లో ఉద్యోగంలో చేరాను. ఆ యేడు తొమ్మిదో తరగతికి "వర్షాకాలము" అని వ్యాసం ఇచ్చాను. ఒక కుర్రాడు ఒక పేజీ రాసి తెచ్చాడు. వాళ్ళయ్య ఒక బుగత దగ్గర కంబారి. వాచకాల్లో వర్షాకాలమంటే మబ్బులూ నెమళ్ళూ ఇంద్రధనుస్సూ. ఆ పేజీలో అవేవీ లేవు. ఆకుమడి మునిగిపోయిన సంగతి వుంది. ఉభాల వేళకి ఆకు లేక, మళ్ళీ విత్తనాలకోసం అయ్య బుగత గుమ్మంలో నిలబడిన సంగతి వుంది. ఇల్లు కారితే రాత్రల్లా గోనెసంచులు కప్పుకొని నలుగురూ ఒక మూల కూర్చున్న సంగతి వుంది. అదంతా ఇంట్లో మాట్లాడే మాటతోనే రాశాడు. "నాను" అని రాశాడు, "సేసినాం" అని రాశాడు, "ఎలిపోనాది" అని రాశాడు.

నేను ఎర్రసిరా కలం తీసుకున్నాను. ఇరవైకి పైగా తప్పులు దిద్ది, పక్కన "గ్రామ్యము" అని రాశాను. అంతటితో ఊరుకోలేదు. నాలుగు వాక్యాలు పైకి చదివి తరగతిని నవ్వించాను. నాకు అప్పుడు ఇరవైనాలుగేళ్ళు. చదువుకున్న భాష మీద మోజు ఎక్కువ, చదువు చెప్పించుకునే పిల్లవాడి మీద దృష్టి తక్కువ.

ఆ తర్వాత ఆ కుర్రాడు తప్పులు రాయలేదు. ఎక్కడో పాత గైడు ఒకటి సంపాదించి, అందులో వున్నది వున్నట్టు రాయడం నేర్చుకున్నాడు. పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో "విహారయాత్రను గూర్చి మిత్రునికి లేఖ" అనే ప్రశ్నకి పూర్తి మార్కులు నేనే వేశాను. శ్రీముఖలింగం జాతర దాటి వాడు ఏ యాత్రా చేసినవాడు కాడు. ఐనా లేఖ నిర్దుష్టంగా వుంది. నేను సంతోషించాను. నా పాఠం ఫలించిందనుకున్నాను.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత వాళ్ళమ్మ కొడుకుని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చింది. మొగుడు మద్రాసు మట్టిపనికి వెళ్ళి అయిదు నెలలైందట. "బాబూ, ఆళ్ళయ్యకి ఓ కార్డు ముక్క రాసి పెట్టాల. ఈడికి రాయడం రాదంతన్నాడు" అంది. నేను వాడివైపు చూశాను. లేఖకి పూర్తి మార్కులు వచ్చినవాడికి ఉత్తరం రాయడం రాకపోవడమేమిటి?

"పరీక్షలో రాసింది వొచ్చు మేష్టారండి. ఇంటి సంగతి రాయడం రాదు. మా మాటలు రాస్తే తప్పు కదండి" అన్నాడు.

ఆవు ఈనింది, కోడెదూడ. చిన్నదానికి జొరం తగ్గింది. బుగత బాకీ అడుగుతున్నాడు, డబ్బు పంపకపోయినా మనిషి కులాసాగా వున్నట్టు కబురు పంపు. ఇంతే ఆ ఉత్తరం. ఆమె చెబుతుంటే నేను రాశాను. "క్షేమం" అని రాద్దామనుకున్నవాణ్ణి ఆగి, ఆమె అన్నట్టే "కులాసా" అని రాశాను. పదేళ్ళు బడిలో కూర్చున్న కొడుకు పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆ వేసవిలో కుటుంబమంతా మద్రాసు వెళ్ళిపోయింది. వాడు పరీక్షకి కూర్చోలేదు.

వాడి చదువు ఆగిపోవడానికి నా ఎర్రసిరా ఒక్కటే కారణమని చెప్పను. అలా చెబితే అది కూడా ఒక రకం అహంకారమే అవుతుంది. దానికి కారణాలు బుగత బాకీలో వున్నాయి, వానల్లో వున్నాయి, వలసలో వున్నాయి. కాని వాడి చేతిలో వున్న ఒక్క పనిముట్టూ పనికిరాదని చెప్పి లాక్కున్నది మాత్రం నేనే.

విచిత్రమేమంటే, ఇదంతా జరిగింది ఎక్కడ? గిడుగు వేంకట రామమూర్తి పంతులు పుట్టిన గడ్డమీద. ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు, అక్కడ గురజాడ అప్పారావుగారికి సహాధ్యాయి. 1880 నుంచి పర్లాకిమిడిలో బడిపంతులు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి నేను కూడా పిల్లల చేత పూలదండ వేయించి ఉపన్యాసం ఇచ్చినవాణ్ణే. ఉపన్యాసం ఇచ్చిన చేతే "గ్రామ్యము" అని రాసింది. ఆనాడు పండితులు ఆయన వాదాన్ని కొట్టిపారెయ్యడానికి వాడిన మాట కూడా అదేనని నాకు తట్టలేదు.

వ్యావహారిక భాషోద్యమాన్ని మనం కవుల ఉద్యమంగా, పత్రికల ఉద్యమంగా చెప్పుకుంటాం. అసలు అది తరగతి గదిలో పుట్టింది. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఈ జిల్లాలకు వచ్చిన జె.ఎ. యేట్సు అనే ఇంగ్లీషు దొర, భాషని మాటతో మొదలుపెట్టి నేర్పాలనే ప్రత్యక్ష పద్ధతి తెలిసినవాడు. తెలుగువాళ్ళు మాట్లాడేది ఒకటి, తెలుగు పుస్తకాల్లో వుండేది మరొకటి ఎందుకైందని ఆయనకి సందేహం కలిగింది. ఆ ప్రశ్న విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారికీ, గిడుగువారికీ, గురజాడవారికీ చేరింది. పిల్లవాడికి తెలిసిన తెలుగు ద్వారా చదువు చెప్పడమా, తెలియని తెలుగు నేర్పడమే చదువు అనుకోవడమా అన్నది వాళ్ళముందు నిలిచిన సమస్య. గిడుగువారి 1913 నాటి విజ్ఞాపన గాని, గురజాడవారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం గాని విద్యార్థి రాసే వ్యాసాన్ని గురించి పుట్టినవే. ఏ భాషలో రాస్తే తప్పు, ఏ భాషలో రాస్తే ఒప్పు అన్నదే అక్కడి తగవు. నా ఎర్రసిరా తగవు కూడా అదే.

గిడుగువారి మరో పని ఇంతకన్నా పెద్దది. ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పాటలూ కథలూ సేకరించారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. పిల్లవాడి భాషకి లిపి లేనప్పుడు కూడా ఆ భాషలోంచే చదువు మొదలుపెట్టాలని నమ్మినవాడు ఆయన. లిపి వుండి, పుస్తకాలు వుండి, మాట మాత్రం కాస్త యాసగా వున్న పిల్లవాడిని నేను తరగతిలో నోరెత్తనివ్వలేదు.

ఇది తెలుసుకున్న తర్వాత నేను చేసిన ప్రయత్నాలు గొప్పవేమీ కావు. శనివారం ఆఖరి పీరియడు కథకి కేటాయించాను. పుస్తకాలు మూయించి, నేను చదువుతాను, వాళ్ళు వింటారు. ప్రతిపదార్థం లేదు, తాత్పర్యం లేదు, సందర్భసహిత వ్యాఖ్య అసలే లేదు. విన్న తర్వాత ఎవరో ఒకరు లేచి ఆ కథని ఇంట్లో చెప్పుకున్నట్టు చెప్పాలి. అప్పుడు దిద్దడం నిషిద్ధం. ఆ పైవారం అదే కథని మన వూరు చూడని మనిషికి, అనంతపురంవాడికో ఆదిలాబాదువాడికో, ఉత్తరంగా రాయాలి. ఇక్కడే అసలు పాఠం జరిగేది. "ఉభాలంటే ఆళ్ళకి తెలుస్తాదా మేష్టారండి?" అని వాళ్ళే అడిగేవారు. నల్లబల్ల మీద రెండు వరసలు రాసేవాళ్ళం. మనం ఉభాలంటాం, కొందరు నాట్లంటారు. మనం చోళ్ళంటాం, కొందరు రాగులంటారు. మనం గుంట అంటాం, కొందరు పిల్ల అంటారు. ఆ వరసల పైన తప్పు, ఒప్పు అనే మాటలు వుండేవి కావు. వినేవాడు మారితే మాట మారుతుందని తెలిసినవాడికి, పుస్తకాల భాష శిక్షగా కనపడదు. అది మరో వూరికి దారి.

కన్యాశుల్కం చేత ఇంతకంటె ఎక్కువ పని చేయించాను. 1892లో విజయనగరంలో మొదట ఆడిన ఆ నాటకం మా పిల్లలకి పొరుగింటి గొడవలా వినపడేది. తలొక పాత్రా పంచి చదివించేవాణ్ణి. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడటం, అప్పుడు గిరీశమూ వెంకటేశమూ పాఠాల్లోని ముక్కలూ పద్యాల్లోని ముక్కలూ రేఖాగణితంలోని ముక్కలూ ఒకరిమీద ఒకరు విసురుకొని అదే సంభాషణ అనిపించడం చదివినప్పుడు తరగతి గొల్లుమంది. నవ్వు ఆగాక వెనకబల్ల పిల్ల ఒకతె, "మనం గైడులో లేఖలు రాసినట్టే కదండీ?" అంది. మరెవరూ నవ్వలేదు. భాష అర్థంతో సంబంధం లేకుండా బట్టీపడితే ఏమవుతుందో గురజాడవారు మహారాజా కళాశాలలో పాఠాలు చెబుతూ కళ్ళారా చూసివుంటారు. నూరేళ్ళ తర్వాత ఒక పదమూడేళ్ళ పిల్ల దాన్ని తన నోట్‌బుక్కుతో పోల్చి చూసుకుంది. ఏ వ్యాకరణ పాఠమూ అంతటి పని చెయ్యలేదు.

ఐతే సాహిత్యం తరగతిలోకి తెస్తే అంతా మేలే జరుగుతుందని నమ్మబలకడం నా ఉద్దేశం కాదు. 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో జీవించిన చాగంటి సోమయాజులుగారి "ఎందుకు పారేస్తాను నాన్నా" ఒక శనివారం చదివాను. డబ్బు లేక బడి మానిపించిన పిల్లవాడు చుట్టలు కొనుక్కురావడానికి తన బడి ముందునుంచే వెళ్ళవలసివచ్చే కథ. చదువుతూండగానే తరగతి తలలు ఒక్కొక్కటే ఒక మూలకి తిరిగాయి. అక్కడ కూర్చున్న కుర్రాడు ఆ నెల అలాంటి ఇబ్బందిలోనే వున్నాడని అందరికీ తెలుసు, నాకు తెలియదు. వాడు తల వంచుకున్నాడు. సోమవారం బడికి రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి తీసుకొచ్చాను గాని, ఆ చూపులు నేను వెనక్కి తీసుకోలేను. మంచి కథ నిజం చెబుతుంది. ఆ నిజం ఎవరిమీద పడుతుందో ముందుగా తెలుసుకోవడం పంతులు బాధ్యత. కథని ఎరిగినంతగా తరగతిని ఎరగని పంతులు, వ్యాకరణం చెప్పడమే క్షేమం.

ఇంకొక ఆక్షేపణ వుంది, అది చిన్నది కాదు. మా ప్రధానోపాధ్యాయులొకరు అనేవారు: "మీ కథలు బాగానే వున్నాయి. రేపు పరీక్షలో 'నాను' అని రాస్తే మార్కులు వేసేదెవరు? ఉద్యోగమిచ్చేదెవరు? వాళ్ళ యాసలోనే వాళ్ళని వుంచడం అభ్యుదయమా?" ఈ ప్రశ్నని తోసెయ్యలేం. బుగత కొడుక్కి ఇంట్లోనే దొరికే భాష కంబారి కొడుక్కి బడిలో తప్ప దొరకదు. అది నేర్పకపోతే ద్రోహమే. నేను చెప్పేది వరస గురించి. ఇంటి మాట నుంచి పుస్తకం మాటకి నడిపించవచ్చు. ఇంటి మాటని చంపి, ఆ ఖాళీలో పుస్తకం మాట పాతితే అది వేరు పట్టదు. మా కుర్రాడి విహారయాత్ర లేఖే సాక్ష్యం.

పైగా మనవాళ్ళం ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. గ్రాంథికాన్ని దించాం. దాని పీఠం మీద కూర్చున్నది ఎవరి వ్యావహారికం? చాలామటుకు కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్న కుటుంబాలది. గిడుగువారి ఊరి పిల్లలకి గిడుగువారు గెలిపించిన భాషే ఇప్పుడు కొత్త గ్రాంథికమైంది. సినిమాలో మా యాస వినపడితే నవ్వాలని అందరికీ అలవాటైంది. దీనికి మందు కూడా సాహిత్యంలోనే వుంది. కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం" 1960ల్లో వెలువడింది. మా పల్లె మనుషులు మా మాటతోనే అప్పు గురించీ న్యాయం గురించీ తర్కించుకోవడం అందులో చూస్తాం. నవ్వించడానికి కాక, ఆలోచించడానికి కూడా ఈ మాట చాలునని మా పిల్లలకి చెప్పాలంటే ఇంతకన్నా రుజువు ఏముంది? ఆ మాస్టారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. ఏటా ఒకసారి పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళేవాణ్ణి. బీరువాల నిండా కథలు చూసి ఒకడు, "ఇన్నింట్లోనూ మన మాటలున్నవి ఎన్నుంటాయండి?" అని అడిగాడు. లెక్క చెప్పలేకపోయాను. నువ్వు రాస్తే ఇంకొకటి పెరుగుతుందన్నాను.

నా తరగతుల నుంచి రచయితలు పుట్టుకొచ్చారని చెప్పుకోను. అందరూ పరీక్ష గట్టెక్కారని కూడా చెప్పను. కొందరు సొంతంగా ఉత్తరం రాయగలిగారు, ఒకరిద్దరు మండలాఫీసుకి అర్జీ రాసుకొని జవాబు రాబట్టుకున్నారు. భాష నేర్పడమంటే నా దృష్టిలో అదే.

మద్రాసు వెళ్ళిన ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటివుంటాయి. వాడు రాసిన వర్షాకాలం పేజీ నా దగ్గర లేదు. దిద్దిన నోటుబుక్కులు యేడాది చివర చిత్తుకాగితాల వాడికి అమ్మేసేవాళ్ళం, దాన్నీ అలాగే అమ్మేశాం. అది వుండివుంటే, ఈ వ్యాసానికి బదులు దాన్నే ఈ పత్రికకి పంపేవాణ్ణి.