సాయంత్రం ఆరింటి ఆకలి

ఆత్మకూరు బస్టాండు దగ్గర సాయంత్రం మిరపకాయ బజ్జీల వాసన తగిలితే మధ్యాహ్నం కడుపునిండా తిన్నవాళ్లకీ నోరూరుతుంది. అందుకు తమను తామే తిట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. తప్పంతా మనసుది కాదండీ, తిండి తీరుదీ ఉంది. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 20 మందికి రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి, ఎంత కావాలంటే అంత తినమంది. ప్యాకెట్ తిండి రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, గబగబా తిన్నారు కూడా. కడుపు నిండిన కబురు మెదడుకు చేరాలంటే కాసేపు పడుతుంది మరి.

మా ఉదయగిరి వైపు రాగి సంగటి, పప్పు, ఆకుకూర తిన్న రోజు చిరుతిండి మీదికి మనసు పోదు. టీ బిస్కెట్లతో పొద్దున గడిపేసిన రోజే సాయంత్రానికి ప్రాణం లాగేస్తుంది. అందుకే పస్తుండి నిగ్రహం చూపించడం నాకు నచ్చదు. ఆ పస్తు రాత్రికి ఇంకా ఎక్కువ తినిపిస్తుంది.

ఇంట్లో మిక్చర్ డబ్బా అటకెక్కించాం. పెరుగన్నానికి మా ఊరి చిన్న చెక్క స్పూను వాడుతున్నాం, దాంతో నిదానంగా తినాల్సిందే. బజ్జీలు మాత్రం మానలేదు, ఆదివారం అందరం కూర్చుని తింటాం.

ఎవరికీ కనపడకుండా, ఆపుకోలేక, తిన్నాక కుమిలిపోతూ ఉండేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, అది జబ్బు కావచ్చు. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.