అన్నము మోయువారు

అన్నము వండుట, వడ్డించుట గృహిణులమైన మనకు నిత్యకృత్యములు. వండినవారి పేరు విందులో వినబడును. వడ్డించిన చేతిని అతిథి తలచుకొనును. ఈ యిరువురి నడుమ ఆ అన్నమును మోసికొనివచ్చువాడొకడు ఇప్పుడు పట్టణములలో వీధివీధిని కనబడుచున్నాడు. వానిని గూర్చి అడుగువారు అరుదు. మా యెరుకలోని యువకుడొకడు ఇటీవల ఆ పనిలో ప్రవేశించెను. అతనికి మేము మొదట అడ్డుపడితిమి, పిమ్మట తోడ్పడితిమి. ఆ రెండును సోదరీమణులతో చెప్పుకొనుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేముండునది ముంచింగిపుట్టు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దున, కొండల నడుమ నున్న మండలకేంద్రము. ఇచ్చట మోయుట కొత్త విద్య కాదు. చోడి అంబలిని ఆనపబుర్రలో పోసికొని పొలమునకు మోయుదురు. సరుకును కావడిపై సంతకు మోయుదురు. బాట లేని ఊళ్లలో జబ్బుపడినవారిని డోలీ కట్టి మోయుదురు. అయితే ఇక్కడ మోయువాడు ఎవరికై మోయుచున్నాడో తానెరుగును. వారును వానిని ఎరుగుదురు. మేము చూచిన పొలములలో, బుర్ర దించిన పిల్లవానికి మొదట పోసి, పిమ్మట తాము త్రాగినవారే యెక్కువ.

మాఘమాసములో, కాఫీగింజల సొమ్ము చేతికి వచ్చు దినములలో, ఒక తల్లి మా యింటికి వచ్చెను. ఆమె కుమారుడు మావారి బడిలో చదివి, పిమ్మట పాడేరులో ఇంటరు ముగించి, రెండేండ్లుగా పని లేక యుండెను. ఆమె గుమ్మము బయటనే కూర్చుండి, "అమ్మగారూ, మా గుంటడు విశాపట్నం ఎల్తానంతన్నాడు. ఓటళ్ల కాడ కూడు తీసుకొని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చే పనంట. పంపమంతారా?" అని అడిగెను.

మేము తడవుకొనకయే, "ఇంటరు చదివినవాడు ఇంటింటికీ కూడు మోయడమేమిటమ్మా? మాస్టారు చెప్పిన చదువు ఇందుకేనా?" అంటిమి. ఆమె తల వంచుకొని లేచి పోయెను. లోపలినుండి వినుచున్న మావారు, "నేను వాడికి చదువు చెప్పాను గాని ఉద్యోగం ఇవ్వలేదు కదా!" అనిరి. ఆ మాటకు మాకు బదులు దొరకలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, మా తండ్రిగారు మాకు ఇంటివద్ద భారతము చెప్పిన దినములు తలచుకొంటిమి. ఆదిపర్వమున గరుత్మంతుడు తల్లియైన వినత దాస్యము తీర్చుటకై స్వర్గమునుండి అమృతకలశమును మోసికొనివచ్చును. దారిలో ఒక్క చుక్కయైనను తాను రుచిచూడడు. ఆ నిర్లోభమునకు మెచ్చియే విష్ణువు అతనికి వరమిచ్చెను. మేము ఆ కథను ఎన్నిమార్లో పారాయణము చేసితిమి గాని, తల్లిని విడిపించుకొనుటకై ఇతరుల ఆహారము మోసిన కొడుకు కథగా ఎన్నడును చదువలేదు. ఆ యింటను అప్పు కలదు. తండ్రి వైద్యమునకై చేసినది. తండ్రి దక్కలేదు, అప్పు మిగిలెను. మరునాడు ఉదయముననే కబురంపి తల్లీకొడుకులను పిలిపించితిమి.

పని యెట్టిదో మొదట తెలిసికొంటిమి. హోటలు భోజనమును ఇండ్లకు చేర్చు సంస్థలలో మన దేశమున పెద్దవి రెండు. జొమాటో 2008లో హోటళ్ల పదార్థముల పట్టికలను చూపుటతో ఆరంభమై, 2015లో భోజనము చేర్చు పనికి దిగెను. స్విగ్గీ 2014లో బెంగుళూరున పుట్టెను. దాని స్థాపకులలో ఒకరగు మాజేటి శ్రీహర్ష తెలుగువారే. ఇట్టి యాప్‌ల ద్వారా పలువిధములైన పనులు చేయువారు 2020-21లో 77 లక్షలమంది యుండిరనియు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరనియు నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసెను. ఇంతమంది యిండ్ల బిడ్డలు చేయు పనిని మేము ఒక్క మాటతో తీసివేసితిమి గదా యని సిగ్గుపడితిమి.

ఈ పనికి కావలసినవి మూడు: మోటారుసైకిలు, మంచి ఫోను, కాగితములు. మొదటి రెండును సొమ్ముతో దొరకును. మూడవది ఓర్పుతో గాని దొరకదు. ఆధారు, పాను, బ్యాంకు ఖాతా, డ్రైవింగు లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, బండి బీమా, అన్నియు నుండవలెను. గేరుల బండికి పదునెనిమిదేండ్లు నిండవలెను. మొదట ఎల్.ఎల్.ఆర్. పొంది, ముప్పది దినములు గడచినగాని అసలు పరీక్షకు పోరాదు. కాఫీ సొమ్ముతో కొన్న పాతబండి ఆ ముప్పది దినములు మా వాకిటనే నిలిచియుండెను.

అంతకంటె పెద్ద చిక్కు పేరుతో వచ్చెను. బడి కాగితములో అతని పేరు ఒక తీరున, ఆధారులో మరియొక తీరున నుండెను. చిన్ననాడు బడిలో చేర్చుకొనునపుడు, తల్లి చెప్పిన పేరు మోటుగా నున్నదని "సరిదిద్ది" వ్రాసినది మావారే! ఇంటివారు మాత్రము ఆధారులో తమ నోట పలుకు పేరునే వ్రాయించుకొనిరి. మనుష్యులకు ఆ రెండు పేర్లును ఒక్క పిల్లవానివే. యంత్రమునకు ఇద్దరు మనుష్యులు. మావారు తమ సెలవుదినములు రెండు వెచ్చించి, అతనితో తిరిగి, తల్లి పెట్టిన పేరునే అన్నిటను నిలుపుటకు వలయు కాగితములు సిద్ధపరచిరి. తిరిగివచ్చి, "దిద్దవలసినది నేను దిద్దిన తప్పునే" అనిరి.

యాప్‌లో పేరు నమోదగుటకు సిగ్నలు కావలెను గదా. అతని యూరిలో అది నిలువదు. కావున మా యరుగుమీదనే కూర్చుండి ఆ పని ముగించెను. చొక్కాకును, సంచికిని కొంత సొమ్ము రాబడిలో పట్టుకొందురని అందే తెలిసెను. ఉగాది వెళ్లిన పిదప, బియ్యము మూట బండికి కట్టుకొని, పెదబయలు, పాడేరు దాటి, ఘాటు దిగి విశాఖపట్టణము చేరెను. కంచరపాలెములో మరి ముగ్గురితో కలిసి ఒక గదిలో దిగెను.

మొదటి రాత్రి పదునొకండు గంటలకు ఫోను వచ్చెను. "అమ్మగారూ, పదకొండు ఆర్డర్లు ఇచ్చేశాను. మాస్టారికి చెప్పండి" అనెను. తింటివా యని అడిగితిమి. కొంతసేపు మాటలేదు. "టైము దొరకలేదమ్మగారూ. అందరూ తినేటప్పుడే కదా మాకు పని. వీపుమీద సంచిలోంచి వాసన వస్తుంటే మాత్రం..." అని నవ్వెను. మాకు నవ్వు రాలేదు. లోకమునకు ఆకలియగు వేళయే వానికి పనివేళ. మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడువరకు, రాత్రి ఏడు మొదలు పదునొకండువరకు ఆర్డర్లు జోరుగా వచ్చును. ఆ వేళల భోజనమునకు కూర్చుండినచో రాబడి పోవును. మరునాటినుండి పదునొకండింటికొకమారు, సాయంకాలము ఆరింటికొకమారు తిని తీరవలెనని ఒట్టు పెట్టించుకొంటిమి.

ఆ దినపు లెక్కను మావారు కాగితముపై వేయించిరి. పదునొకండు ఆర్డర్లకు వచ్చినది 362 రూపాయలు. పెట్రోలుకు 140, టీకిని రాత్రి తిండికిని 90. మిగిలినది 132. ఇందే గది అద్దె, ఫోను ఖర్చు, చక్రము అరుగుదల, నూనె మార్పు, ఇంటికి పంపవలసినది. సంస్థ చూపు మొత్తము రాబడియే గాని లాభము కాదని ఆ కాగితము నేర్పెను. నెల గడచుసరికి అతడు తెలివి తెచ్చుకొనెను. ఏ హోటలులో వంట ఆలస్యమగునో, ఏ వీధిలో చీకటిపడిన పిదప ఇల్లు దొరకదో కనుగొనెను. ఇన్ని ఆర్డర్లు ముగించినచో ఇంత యెక్కువ ఇత్తుమను ప్రోత్సాహకపు సొమ్ము ఎన్ని దినములలో నిజముగా అందునో లెక్కించుకొనెను. రెండవ నెలలో తల్లికి 4,000 రూపాయలు పంపెను.

ఒకనాడు మాటలలో, "ఒక్క నక్షత్రం ఇచ్చారమ్మగారూ, వానకి లేటైందని. రేటింగు పడిపోతే పని తగ్గుతుందేమోనని రాత్రంతా భయం" అనెను. మా గుండె కలుక్కుమనెను. రెండేండ్ల క్రిందట మావారి కంటి వైద్యమునకై విశాఖపట్టణమున బంధువుల యింట నుంటిమి. ఒక రాత్రి జోరువానలో ఇడ్లీలు తెప్పించిరి. గంట ఆలస్యమాయెను. చట్నీ సంచిలోనే ఒలికిపోయెను. నిలువెల్ల తడిసిన పిల్లవాడొకడు గుమ్మమున నిలిచి ఏమో చెప్పబోయెను, మేము వినలేదు. మా బంధువు ఫోను మా చేతికిచ్చి, నీవే నొక్కుమనగా, మేమే ఒక్క నక్షత్రము నొక్కి విస్తరిముందు కూర్చుంటిమి. ఆ పిల్లవాని ముఖము ఇప్పుడు ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి రాదు. నక్షత్రము మాత్రము జ్ఞప్తియందున్నది.

ఆషాఢమున తడిరోడ్డుపై మా వాని బండి జారెను. మోకాలు చీలెను. క్రిందపడియుండగనే ఫోను మ్రోగెను. భోజనము ఇంకను రాలేదేమని అవతలివారు అడుగుచున్నారట. వారికేమి తెలియును? త్రోవనుబోవువారెవరో లేపి, దగ్గరనున్న చిన్న వైద్యునికడ కట్టు కట్టించిరి. మూడు వారములు పని లేదు. బీమా కలదని మొదట విన్నాము. దాని షరతులు మేమును చదువలేదు, అతడును చదువలేదు. ఆస్పత్రి కాగితములు లేనందున పైస రాలేదు. ఆ వారములలో తల్లి మా యింటికి వచ్చి ఏమియు అనక కూర్చుండి పోవుచుండెను. ఆమె నిష్ఠురమాడినచో కొంత తేలికగా నుండెడిది. వద్దన్నవారము మేమే, పొమ్మన్నవారమును మేమే.

అప్పుడు మావారు చట్టము సంగతి విచారించిరి. 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. ఇట్టి పనివారిని గిగ్ కార్మికులనియు, ప్లాట్‌ఫారం కార్మికులనియు అది పేర్కొన్నది. సంస్థలు తమ సాలుసరి వ్యాపారపు మొత్తములో నూటికి ఒకటి మొదలు రెండువరకు వీరి భద్రతానిధికి చెల్లింపవలెననియు, అది వీరికిచ్చు సొమ్ములో నూటికి అయిదు మించరాదనియు అందు కలదు. అంతకుముందే, 2023లో రాజస్థాన్ రాష్ట్రము వీరి సంక్షేమమునకై వేరుగా చట్టము చేసెను. 2021లో కేంద్రప్రభుత్వము తెరచిన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసికొనుటకు రుసుము లేదు. మా వాని పేరును, తల్లి పెట్టిన పేరును, అందు వ్రాయించితిమి.

బిడ్డలను ఈ పనికి పంపు తల్లులకు మా యనుభవమునుండి చెప్పదగినవి కొన్ని కలవు. అప్పుతో కొత్తబండి కొనవలదు. నెల దినములు పనిచూచి పిమ్మట యోచింపుడు. బండి బీమా గడువును, సంస్థ యిచ్చు ప్రమాదబీమా షరతులను పంపుటకు ముందే చదివింపుడు. దెబ్బ చిన్నదైనను వైద్యుని చీటీ, రసీదు దాచుకొనుమని చెప్పుడు. దినదినము లెక్క వ్రాయింపుడు. హెల్మెటు తప్పరాదు. ఫోను చేసినపుడు ఎంత వచ్చినదని అడుగుటకు ముందు తింటివా యని అడుగుడు.

భోజనము తెప్పించుకొను సోదరీమణులకు చెప్పవలసినది ఇంకను తక్కువ. ఇంటి గుర్తు సరిగా వ్రాయుడు. ఫోను తీయుడు. ఆలస్యమైనచో సగము తప్పు వంటింటిది, సగము త్రోవది. గుమ్మమున నిలిచినవానిది కాకపోవచ్చును. ఒక లోటా మంచినీళ్లు ఇచ్చినచో మనకు పోవునది లేదు. నక్షత్రము నొక్కునపుడు వాని ముఖము ఒక్కమారు చూడుడు. ఇది మేము చేయని పని, కావుననే చెప్పుచున్నాము.

దసరాకు అతడు ఇంటికి వచ్చెను. కాలు నయమైనది. అప్పు సగము తీరినది. మరియొక యేడు ఈ పనిచేసి, నడుమ పోలీసు ఉద్యోగపు పరీక్షకు చదివెదననుచున్నాడు. మావారు పుస్తకములిచ్చిరి. పగలును రాత్రియు బండిమీద నుండువాడు ఎప్పుడు చదువగలడో మాకు తెలియదు; ఆ మాట మాత్రము అతనితో అనలేదు.

వచ్చుచు దారిలో మాడుగుల హల్వా కొని తెచ్చెను. తల్లి దానిని అడ్డాకులో పెట్టి మా యింటికి తీసికొని వచ్చెను. కొడుకు వెనుక నిలిచి, "దీనికి ఓటీపీ అక్కర్లేదమ్మగారూ" అని నవ్వెను. ఆమెను ఈమారు గుమ్మము బయట కూర్చుండనీయలేదు. ఇద్దరికిని లోపల పీటలు వేసి, ఆకులు పరచితిమి. హల్వాలో మొదటి ముక్క మోసి తెచ్చినవాని ఆకున వడ్డించి, వాడు తినువరకు ఎదుట నిలిచి, పిమ్మట మేము తింటిమి.