పళ్లున్న దోటి

భిలాయిలో మే నెల రెండో పక్షం వచ్చిందంటే జనానికి రెండు భయాలు. ఒకటి వడగాలి. రెండోది, ఆ వడగాలికి తోడుగా ఏదో ఒక సాయంత్రం దుమ్మెత్తిపోస్తూ విరుచుకుపడే గాలివాన. తెల్లారి లేచి చూస్తే సెక్టార్లలో రోడ్లకు అడ్డంగా కొమ్మలు, తెగి వేలాడే తీగలు, పగిలిన రేకులు కనిపిస్తాయి. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆ తర్వాత ఊరితో పాటే చెట్లూ పెరిగాయి. క్వార్టర్ వచ్చిన ప్రతి కుటుంబం పెరట్లో ఏదో ఒకటి నాటింది. బెంగాలీలు, మలయాళీలు ఎవరికి కావలసింది వాళ్లు వేసుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన మనవాళ్ల ఇల్లు ఏదో తెలుసుకోవడానికి నేమ్‌ప్లేట్ అక్కర్లేదు. గేటు పక్కన కరివేపాకు, వెనక మునగ ఉంటే చాలు. నాటినవాళ్లు రిటైరయ్యారు. కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరు అసలే లేరు. చెట్లకు మాత్రం రిటైర్‌మెంట్ లేదు.

మా నాన్న 1974లో రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో చేరి 2012లో బయటికొచ్చారు. 2000 దశకం తొలి ఏళ్లలో సెయిల్ క్వార్టర్లను దీర్ఘకాల లీజుకిచ్చినప్పుడు తీసుకున్న ఇంట్లోనే ఆయనా అమ్మా ఉంటున్నారు. వెనక ఒక వేప, దాని పక్కన మునగ. వేపకొమ్మ ఒకటి వంటింటి మీదుగా సాగి, కరెంటు స్తంభం నుంచి మీటరుకొచ్చే తీగకు బాగా దగ్గరగా వచ్చింది. దాన్ని తీయాలన్న విషయంలో ఇంట్లో భేదాభిప్రాయం లేదు. ఎవరు తీయాలన్న దగ్గరే పేచీ.

అమ్మ లెక్కలో జవాబు ఎప్పుడూ ఒకటే. టంగియా భుజాన వేసుకుని సైకిల్ మీద వచ్చే ఒక మనిషి ఉన్నాడు, బాలోద్ వైపు పల్లె. టంగియా అంటే ఛత్తీస్‌గఢ్ గొడ్డలి, తేలికగా, పొడుగు పిడితో ఉంటుంది. లుంగీ ఎగ్గట్టి, కాళ్లకు చెప్పులైనా లేకుండా, నడుముకు తాడైనా లేకుండా చెట్టెక్కుతాడు. అయిదారు వందలిస్తే మధ్యాహ్నానికి కొమ్మలు కిందుంటాయి. వంట చెరకుగా కొంత తనే పట్టుకుపోతాడు. పదేళ్లుగా ఇదే ఏర్పాటు. అయితే రెండేళ్ల కిందట అతని అన్న వేరే వీధిలో గుల్‌మొహర్ మీంచి పడ్డాడు. చూడ్డానికి దిట్టంగా ఉన్న కొమ్మే, పెళుసు చెట్టు కదా, ఫెళ్లున విరిగింది. తుంటి దగ్గర ఎముక అతికింది గానీ ఎడమ కాలు సరిగా వంగదు. పని చేయించుకున్న ఇంటివాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు, రెండు వేలు చేతిలో పెట్టారు. అక్కడితో సరి. అతనికి ఉద్యోగమే లేదు, ఇక పరిహారం ఎవరినడగాలి?

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ భిలాయి కార్మికుల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, 2020లో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే లావుపాటి పుస్తకం తెచ్చారు. ఈ ఊళ్లో ‘నౌకరీ’ వేరు, ‘కామ్’ వేరు అన్నది అందులో ముఖ్యమైన మాట. నౌకరీ అంటే జీతం, క్వార్టర్, ఆసుపత్రి, పీఎఫ్. కామ్ అంటే ఇవాళ్టి కూలి. పొలిటికల్ సైన్స్ ఎంఏలో వర్గం గురించి చాలా చదివాను. మా పెరట్లో మాత్రం ఆ గీత కొట్టొచ్చినట్టు కనిపించేది. నాన్నది నౌకరీ, చెట్టు మీద ఉన్నవాడిది కామ్. ఇద్దరూ చేసేది ఎత్తుల మీద, బరువుల కింద పనే. ఒకరికి హెల్మెట్ ఉండేది.

ఆ అన్న పడ్డాక నాన్నకు మనసొప్పలేదు. ‘‘ఇంకొకడిని చెట్టెక్కించి కింద నిలబడి చూడలేన్రా’’ అన్నారు. బాగానే ఉంది. దానికి ఆయన ఎంచుకున్న ప్రత్యామ్నాయమే గొప్పది. నిచ్చెనేసుకుని తానే ఎక్కుతారట, డెబ్భై రెండేళ్ల వయసులో! పక్కింటాయన ‘‘రావు సాబ్, మీకేంటి, ఇంకా కుర్రాళ్లు’’ అని ఎగదోశాడు కూడా. మునగచెట్టు ఎక్కించడమంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు. ఎత్తుగా కనబడుతుంది, కాలు పెడితే విరుగుతుంది. పక్కింటాయన నాన్నను ఎక్కిస్తున్నది వేపచెట్టే, అంతే తేడా.

అందుకని ఈ మే నెలలో రాయపూర్ నుంచి వస్తూ ఒక పోల్ సా తెచ్చాను. ఒకదాంట్లో ఒకటి దూరే అల్యూమినియం గొట్టాలు, పూర్తిగా లాగితే నాలుగు మీటర్ల చిల్లర. చివర చంద్రవంక లాంటి రంపం, దాని కొసన చిన్న కొక్కెం. అమ్మ దాన్ని చూసి ఒక్క మాటలో తేల్చేసింది: ‘‘ఇది దోటే కదరా, పళ్లొచ్చాయంతే.’’ నిజమే. మామిడికాయలకు చిక్కం కట్టిన దోటి, మునక్కాయలకు కొక్కెం కట్టిన దోటి, మేకలకు ఆకు దూయడానికి కొడవలి కట్టిన దోటి మనకు తరాలుగా ఉన్నాయి. రంపం కట్టినది ఆ వరసలో ఆఖరు చుట్టం.

చుట్టమే గానీ స్వభావం వేరు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు చేతి రంపం తోసినప్పుడు కోస్తుంది. ఇది లాగినప్పుడు కోస్తుంది, జపాన్ రంపాల పద్ధతి. ఎందుకో రెండు నిమిషాలు వాడితే అర్థమవుతుంది. నాలుగు మీటర్ల కర్రను పైకి తోస్తే అది మధ్యలో విల్లులా వంగుతుంది, బలమంతా ఆ వంపులోనే పోతుంది. లాగితే కర్ర బిగుసుకుంటుంది, రంపం బరువు కూడా మనకే సాయం చేస్తుంది. కాబట్టి తోసేటప్పుడు ఊరికే జరపాలి, లాగేటప్పుడు కోయాలి. బలవంతం కూడదు, పళ్లకు పని వదిలెయ్యాలి. 260 మీటర్ల పొడవున రైలు పట్టాలు అతికించి పంపే ఊరి మనిషికి నాలుగు మీటర్ల కర్ర ఊగుతోందని చెబితే నవ్వొస్తుందేమో గానీ, నాన్న నవ్వలేదు. ‘‘గొట్టం ఎంత అవసరమో అంతే లాగు. చివరిది సన్నం, అక్కడే ఊగుతోంది’’ అన్నారు.

మొదటి రోజు కొమ్మ ముట్టుకోనివ్వలేదు ఆయన. ‘‘పర్మిట్ ఏదిరా?’’ అన్నారు. వేళాకోళమనుకున్నాను. మిల్లులో మరమ్మతుకు దిగేముందు షట్‌డౌన్ తీసుకోవాలి, స్విచ్చికి ట్యాగ్ తగిలించాలి, సంతకాలు కావాలి. ముప్పై ఎనిమిదేళ్లు అలా బతికిన మనిషి. 2014 జూన్‌లో ప్లాంటులో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయినప్పుడు, 2018 అక్టోబర్‌లో కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైను మంటల్లో పదిమందికి పైగా పోయినప్పుడు, రిటైరైనా సరే రాత్రంతా టీవీ ముందు కూర్చున్నారు. ‘‘మెయిన్ ఆపేద్దాం’’ అన్నాను. ‘‘మెయిన్ ఆపితే ఇంట్లో కరెంటు పోద్ది. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే తీగలో పోదు. నీ చేతిలో ఉన్నది అల్యూమినియం. కరెంటుతో పరాచికాలేట్రా?’’ అన్నారు. పిడికి రబ్బరు తొడుగు ఉందని అన్నాను. ఆ తొడుగు చెయ్యి జారకుండానే తప్ప షాకు ఆపడానికి కాదన్నారు. మర్నాడు లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపి, తీగ పక్కనున్న రెమ్మలు తనే తీశాడు. తీగకు దూరంగా మిగిలిందే మా వంతు. ఈ రంపం కొనేవాళ్లు ఇంకేం మరిచినా ఈ ఒక్క సంగతి మరవకూడదు. పొడుగు కర్ర మనిషిని చెట్టు మీంచి దించుతుంది, అదే కర్ర మనిషిని తీగ దాకా తీసుకెళ్తుంది కూడా.

కోత అసలు కథ. వంటింటి మీదున్న కొమ్మను మొదట్లో కోస్తే మొత్తం కప్పు మీద పడుతుంది. కొస నుంచి రెండేసి అడుగుల ముక్కలుగా వెనక్కి రావాలి. కొమ్మ కింద నిలబడకూడదు. పక్కకు జరిగి, కర్ర వాలుగా ఉండేలా నిలబడితే తెగినది మన ముందు పడుతుంది. నాన్న పాత ప్లాంటు హెల్మెట్ నా తలకు ఎక్కింది. కళ్లద్దాలు లేకపోతే పని లేదు, పైకి చూసినంతసేపూ పొట్టు కళ్లలోకే రాలుతుంది. పది నిమిషాలకు మెడ పట్టేస్తుంది. టీ తాగడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

చివరికి మిగిలిన నాలుగడుగుల మోడు దగ్గర ఓపిక కావాలి. పైనుంచి ఒకే కోతకు తెంచబోతే సగంలో బరువుకి విరిగి, బెరడు కాండం పొడుగునా చీలుకుంటూ వస్తుంది. గొడ్డలి దెబ్బ తిన్న వేపల మీద అలాంటి పొడుగు మచ్చలు భిలాయి అంతా కనిపిస్తాయి. పద్ధతి ఏమిటంటే, కాండానికి అడుగు దూరంలో కొమ్మ అడుగు నుంచి మూడో వంతు గాటు. ఇది కష్టం, రంపం బరువంతా చేతుల మీదే పడుతుంది. తర్వాత ఆ గాటుకు కాస్త అవతల పైనుంచి కోత. బరువు పడిపోయాక, మిగిలిన పొట్టి మొద్దుకు మూడో కోత. అది ఎక్కడన్నదే ముఖ్యం. కొమ్మ మొదట్లో ముడతలు పడిన ఉబ్బు ఒకటుంటుంది. దాన్ని ముట్టుకోకుండా, దాని బయట కోయాలి.

మా తాతల కాలం నుంచీ విన్నది దీనికి తలకిందులు. కాండానికి సమంగా చెక్కేయాలి, పైన తారో పేడో రాయాలి అనేవారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో చెప్పిందేమంటే, చెట్టు గాయం మానదు. మన చర్మంలా పాత కణజాలం బాగుపడదు. చెడిన భాగం చుట్టూ చెట్టు లోపల గోడలు కట్టి, దాన్ని బందీ చేసి, పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. ఆ గోడ కట్టే సరంజామా కొమ్మ మొదటి ఉబ్బులోనే ఉంది. దాన్ని చెక్కేస్తే కుళ్లుకు తలుపు తీసినట్టే. పైపూతలు కుళ్లును ఆపవని కూడా ఆయనే తేల్చారు. 2006లో చనిపోయారు. నాన్నకు ఈ సంగతి చదివి వినిపిస్తే, ‘‘ఫర్నేస్ లైనింగ్ లాంటిది’’ అన్నారు. అంతకంటే మంచి పోలిక నాకు తట్టలేదు.

మునగకు ఇంత హంగామా అక్కర్లేదని కూడా చెప్పాలి. తమిళనాడులోని పెరియకుళం నుంచి 1989లో విడుదలైన పీకేఎం-1 రకాన్ని రైతులు కాపు అయ్యాక నేల నుంచి మూడడుగుల ఎత్తున నరికేస్తారు, మళ్లీ చిగురించి కాస్తుంది. పెరటి మునగనూ ఏటా తగ్గిస్తూ ఉంటే దోటీ వద్దు, రంపమూ వద్దు. అమ్మ ఒప్పుకోలేదు. చెట్టు మొండెం చూడలేదట.

ఇదంతా జరుగుతుండగా రెండో రోజు టంగియా మనిషి రానే వచ్చాడు. గేటు దగ్గర సైకిల్ ఆపి, కింద పడ్డ కొమ్మల్నీ, నా చేతిలో కర్రనూ చూశాడు. ‘‘రావు సాబ్, యే తో మేరా ధంధా ఖా జాయేగా’’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. కొమ్మ ఎవరు కొడితేనేం అనుకునేది నెల తిరిగేసరికి జీతమో పెన్షనో వచ్చే ఇంట్లోనే. మర మొక్కటి వచ్చిన ప్రతిచోటా ముందు పోయేది ఎవరి కూలి అన్న ప్రశ్నకు భిలాయి కంటే బాగా జవాబు తెలిసిన ఊరు లేదు. పర్మనెంటు ఉద్యోగాలు తగ్గుతూ కాంట్రాక్టు మనుషులు పెరుగుతూ రావడం మా తరం కళ్లారా చూసింది.

నాన్న జవాబు చెప్పలేదు. కర్ర అతని చేతికిచ్చారు. ఇవ్వడమే ఆలస్యం, అతను నా కంటే నయంగా కోశాడు. ఏ కొమ్మ ఎటు పడుతుందో, ఎక్కడ పురుగు తిన్నదో కింది నుంచే చెప్పాడు. పదేళ్లు చెట్టు మీదుండి నేర్చినది నేల మీదకొచ్చినంత మాత్రాన ఎక్కడికి పోతుంది? నేను రెండు రోజులు పట్టించింది అతను గంటన్నరలో ముగించాడు. చేతి మందం దాటిన కొమ్మల దగ్గర మాత్రం తల అడ్డంగా ఊపాడు. అవి ఈ రంపానికి లొంగవు, ఎక్కాల్సిందే. ఎక్కితే తాడు కట్టుకోవాలన్నది నాన్న షరతు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందని, తాళ్లు, బెల్టులు ఎలా ఉంటాయో ఫోన్లో ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. ‘‘అక్కడ సర్కారు ఇస్తుందా?’’ అని మాత్రం అడిగాడు.

కూలి పూర్తిగానే ఇచ్చారు నాన్న. వెళ్తూ వెళ్తూ కర్ర ఖరీదెంతని అడిగాడు. రెండు వేలకు తక్కువేనంటే మనసులో ఏదో లెక్కేసుకున్నాడు. వారం తర్వాత మళ్లీ వచ్చాడు, ఈసారి అన్నతో. ఎడమ కాలు వంగకపోయినా మనిషి నేల మీద నిలబడగలడు, చేతుల్లో బలం ఉంది. మూడు ఇళ్ల పని ఒప్పుకున్నారట, రంపం రెండు రోజులు కావాలన్నారు. గొట్టాలు మడిచి, రంపానికి గోనెసంచి చుట్టి, సైకిల్ కడ్డీకి కట్టుకుపోయారు.

మొన్న ఆదివారం ఇంటికి ఫోన్ చేశాను. రంపం ఇంకా రాలేదట, నాలుగో రోజు. నాన్నకు తొందర లేదు. పళ్లకు జిగురు పట్టి ఉంటుంది, రాగానే కిరసనాయిలుతో తుడవాలని గుడ్డపేలిక సిద్ధం చేసుకున్నారు. అమ్మకే కోపంగా ఉంది. మునక్కాయలు ముదిరిపోతున్నాయని, పాత దోటి ఎక్కడ పెట్టారో కాస్త వెతికిపెట్టమని ఆయన్ని పోరుతోంది.