నరకంలో నాకు దొరికిన వేషం

తెర తొలిగింది. చప్పట్లు మోగాయి. నేను మాత్రం హీరోనీ చూడలేదు, హీరోయిన్నీ చూడలేదు. ఎందుకంటారా? ఆ టైములో నేను స్టేజీ కింద, చీకట్లో, నడుం వంచుకుని ఒక దుంగని తోస్తున్నాను!

జపాన్‌లో షోదోషిమా అని ఒక దీవి. తకమత్సు రేవులో ఫెర్రీ ఎక్కితే సుమారు గంట ప్రయాణం. ఆ దీవి నడిమధ్య, కొండల్లో, నకయామా అనే పల్లె. మెట్లుమెట్లుగా దిగివచ్చే ఎనిమిది వందల దాకా బుల్లి వరిమళ్ళు. వాటి కింద ఓ పాత చెక్క ఇంట్లో అద్దెకుంటున్నాను. బి.ఏ. పట్టా చూపించి టోక్యో కంపెనీ ఒకదాంట్లో తర్జుమా పని సంపాదించాను. అది ఇంటినించే చేసుకోవచ్చు. మిగతా టైములో సినిమా స్క్రిప్టు రాయాలని ప్లాను. ఇల్లు దొరకడం కష్టమేం కాలేదు. 2023 లెక్కల ప్రకారం జపాన్‌లో 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి మరి!

సినిమా పిచ్చోళ్ళకి ఈ దీవి పుణ్యక్షేత్రం. 1954లో కినోషితా కేసుకె తీసిన 'ఇరవై నాలుగు కళ్ళు' కథ ఇక్కడిదే. పన్నెండు మంది పల్లె పిల్లలు, వాళ్ళకో కొత్త టీచరమ్మ... నడుమ యుద్ధం వచ్చి పడుతుంది. టీచరమ్మగా తకమినె హిదెకో. అదే ఏడు కురొసవా గారి 'సెవెన్ సమురాయ్' కూడా వచ్చింది. 'కినెమా జుంపో' పత్రిక ఆ ఏటి ఉత్తమ చిత్రాల్లో ఫస్టు ఎవరికిచ్చిందో చెప్పుకోండి? టీచరమ్మకే! సమురాయ్‌లది మూడో స్థానం. 1987లో ఆ కథే మళ్ళీ తీసినప్పుడు వేసిన బడి సెట్టింగుని పడగొట్టకుండా సముద్రపు ఒడ్డున అలాగే ఉంచారు. టిక్కెట్టు కొని చూడాలి. ఆ దగ్గర్లోనే అసలు బడి ఉంది. పిల్లలు లేక 1971లో మూతపడింది. సెట్టింగు బడిలో బెంచీల మీద కూచుని అందరూ నవ్వుతూ ఫోటోలు దిగుతుంటే, నాకెందుకో గొంతులో ఏదో అడ్డంపడ్డట్టయింది.

ఇంకో సంగతి. జూలైలో ఇక్కడివాళ్ళు కాగడాలు పట్టుకుని పొలంగట్ల మీద వరసగా నడుస్తారు. పైరుకి పట్టిన పురుగుల్ని సాగనంపడమన్నమాట. ఆ ఆచారం మధ్యలో ఆగిపోయింది. 2011లో విడుదలైన 'ఎనిమిదో రోజు కీచురాయి' సినిమా కోసం ఆ సీను ఈ మళ్ళలోనే తీశారు. ఆ తర్వాత ఊరివాళ్ళు నిజంగానే మళ్ళీ మొదలెట్టారు! సినిమాలు చూసి చెడిపోతున్నామని మిమ్మల్ని తిట్టే పెద్దలకి ఈ ముక్క చెప్పి చూడండి.

ఇక అసలు కథ. ఈ పల్లెలో సుమారు 300 ఏళ్ళ నించి కబుకి నాటకాలు ఆడుతున్నారు. ఒకప్పుడు దీవంతటా ముప్ఫైకి పైగా స్టేజీలుండేవట. ఇప్పుడు ఆట సాగుతున్నవి రెండే ఊళ్ళు. మా ఊళ్ళో అక్టోబరులో, గుడి ఎదురుగా, గడ్డికప్పు స్టేజీ మీద ఆడతారు. నటులంటే ఎవరనుకున్నారు? రైతులు, ఆఫీసు గుమాస్తాలు, సోయా సాస్ తయారుచేసేవాళ్ళు, బడి పిల్లలు. నగరాల్లో పెద్ద కబుకిలో ఆడవేషాలూ మగవాళ్ళే కడతారు. ఇక్కడ ఆడవాళ్ళూ ఎక్కుతారు. జనం పెట్టెల్లో అన్నం కట్టుకొచ్చి, తింటూ చూస్తారు. నచ్చిన నటుడి మీదికి చిల్లర కాగితంలో చుట్టి విసురుతారు. మన ఊళ్ళలో హరిశ్చంద్రుడి చొక్కాకి నోట్లు పిన్ను పెట్టినట్టే!

పక్కింటి బామ్మగారు నాటకం దుస్తులకి కుట్లు వేస్తుంటే, నేను సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేవాణ్ణి. "ఇండియా అబ్బాయీ, కళ్ళు బావున్నాయి నీకు. భుజాలెలా ఉన్నాయి?" అందోరోజు. అలా ఎంపికయ్యాను. అక్కడి స్టేజీ గుండ్రంగా తిరుగుతుంది. కరెంటూ లేదు, మోటారూ లేదు. కింద మనుషులు తోయాలి. ఆ కింది భాగాన్ని 'నరకు' అంటారు. నేను ఉలిక్కిపడ్డాను. అవును, మన సంస్కృత 'నరకమే' బౌద్ధంతో అక్కడిదాకా నడిచింది!

రిహార్సల్స్ రాత్రిపూట. పగలు పొలం, రాత్రి డైలాగులు. మొదటిరోజే నా ప్రతాపం చూపించాను. చెక్కలు రెండుసార్లు కొడితే ఆగాలి, ఒకసారి కొడితే తొయ్యాలి. నేను తిరగేసి అర్థం చేసుకున్నాను. పైన యువరాణిగారు ఏడవబోతూ గోడకి గుద్దుకుంది! మరొకచోటైతే పీకేసేవాళ్ళు. ఇక్కడ పీకేద్దామన్నా ఇంకో మనిషి లేడు. మేం ఎనిమిది మందిమి, నా తర్వాత అందరికంటే చిన్నాయనకి అరవై రెండు!

అన్నట్టు, విరామంలో మా కబుర్లన్నీ మన సినిమాల గురించే. 'ఆర్ఆర్ఆర్' ఇక్కడ 2022 అక్టోబరులో విడుదలైంది. 2024 జనవరిలో తకరజుకా ఆడవాళ్ళ బృందం స్టేజీ మీదా ఆడింది. దాంతో తెలుగువాడంటే పుట్టుకతోనే 'నాటు నాటు' వచ్చి ఉంటుందని వీళ్ళ నమ్మకం. నాకు రాదని చెప్పినా ఎవరూ వినలేదు. నరకంలో, వంగి నిలబడే ఎత్తులో, ఆ స్టెప్పు వేసిన మొదటివాణ్ణి బహుశా నేనే.

స్క్రిప్టు సంగతి అడక్కండి. ఎనిమిది నెలల్లో పన్నెండు పేజీలు!

ఆట ముగిశాక, దుంగకి నా పక్కన నిలబడే తాతగారు చెమట తుడుచుకుంటూ, "వచ్చే ఏడూ ఈ చోటు నీదే కదా?" అన్నారు. ఆయన మోకాళ్ళకి అప్పటికే పట్టీలున్నాయి. నా ఒప్పందం మార్చితో సరి. అది పొడిగిస్తేనే వీసా. "చూద్దామండీ" అన్నాను. జపాన్‌లో ఆ మాటంటే మర్యాదగా "కుదరదు" అనడమే! నాలుక కరుచుకునేసరికే ఆయన తలూపి, లాంతరు తీసుకుని మెట్లెక్కిపోయారు.

ఆ రాత్రే కంపెనీకి రాశాను, జీతం తగ్గించినా సరే, ఇంకో ఏడాది పొడిగించమని. జవాబు ఇంకా రాలేదు. నిన్న పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో మట్టి అంటిన తెల్ల ముల్లంగులు రెండు. పెట్టింది తాతగారేనని బామ్మ చెప్పింది. వీటితో సాంబారు పెట్టి, గిన్నె పట్టుకుని ఆయనింటికి వెళ్ళాలి. ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటాను.