పొట్లం బల్ల మీద పెట్టాము

అమ్మకు రొమ్ము క్యాన్సరని తేలిన నాటికి మా అన్నాచెల్లెళ్లకు కీమోథెరపీ అనే మాట పలకడం కూడా సరిగా రాదు. కనిగిరిలో రాత్రి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లేవాళ్లము. 21 రోజులకొకసారి ఎర్రని మందు నరంలోకి ఎక్కించేవారు. దాని పేరు డాక్సోరూబిసిన్. అది క్యాన్సరును అణచుతుందనీ, అయితే మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరాన్ని బలహీనపరచవచ్చుననీ డాక్టరమ్మగారు ముందే చెప్పి, ఎకో పరీక్ష చేయించారు.

ఆ మాట విన్నది మొదలు మాకు నిద్ర కరువైంది. సంగతి తెలిసి గిద్దలూరు నుండి పెదనాన్న తెల్లమద్ది బెరడు పొడి తెచ్చాడు. "గుండెకు దీన్ని మించింది లేదు. డాక్టర్లకు మాత్రం చెప్పొద్దు, ఒప్పుకోరు" అన్నాడు. సంఘపెద్ద ఒకాయన హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టిన సంగతి గుర్తుచేశారు. ఇంకేం, రెండు వారాలు పూటపూటా కషాయం కాచి యిచ్చాము.

మూడవ విడతకు వెళ్లినప్పుడు డాక్టరమ్మగారు, "ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకొని "లేదండీ" అనేశాము. వరండాలోకి వచ్చాక అమ్మే అన్నది: "నా ఒంట్లోకి పోయేదాని గురించి అబద్ధమెందుకురా?"

సిగ్గుపడి మళ్లీ లోపలికి వెళ్లి, పొట్లం బల్ల మీద పెట్టాము.

ఆమె కోప్పడలేదు. "మీ పెదనాన్న మాట కొట్టిపారేసేది కాదు" అన్నారు. ఈ మందు గుండె కణాల్లోని ఇనుముతో చేరి కణాలను దెబ్బతీసే పదార్థాలను పుట్టిస్తుందట. మద్ది బెరడు, పసుపులోని కర్కుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ ఎలుకల గుండెను ఆ దెబ్బ నుండి కొంత కాపాడినట్లు పరిశోధనల్లో కనబడిందట. కాని మనుషుల్లో అది ఇంకా గట్టిగా రుజువు కాలేదు. పైగా కొన్ని మొక్కల సారాలు కాలేయం మందును విరిచే తీరును మార్చివేస్తాయి. అప్పుడు మందు ఎక్కువై విషం కావచ్చు, తక్కువై క్యాన్సరు మిగిలిపోవచ్చు. గుండె రక్షణకు డెక్స్‌రాజోక్సేన్ అనే మందుకు అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది గాని, అది అందరికీ అక్కరలేదు. అమ్మకు నాలుగు విడతలే గనుక మోతాదు ప్రమాదపు హద్దుకు చాలా లోపలే ఉంటుందని ధైర్యం చెప్పారు.

"మీ వాకిట్లో బిళ్లగన్నేరు ఉందా?" అని కూడా అడిగారు. క్యాన్సరుకు వాడే వింక్రిస్టిన్ ఆ మొక్కలోనిదే. అయితే అందులోని పదార్థాన్ని వేరుచేసి, మోతాదు తేల్చి, మనుషుల్లో పరీక్షించాకే అది మందయింది. ఆకు నమిలితే వైద్యం కాదు.

కషాయం ఆ రోజే మానేశాము. నాలుగు విడతలూ ముగిశాక తీసిన ఎకోలో గుండె మునుపటిలాగే ఉంది. ఆ రెండు వారాల కషాయం మేలు చేసిందో, కీడు చేసిందో మేము చెప్పలేము. చెప్పకుండా దాచడం మాత్రం తప్పే.

మొన్న పెదనాన్న నేరేడు పండ్లు తెచ్చి, గడప దాటకముందే "డాక్టరమ్మను అడిగారా?" అన్నాడు. అమ్మ చాలా రోజులకు మనసారా నవ్వింది.

ప్రియ చదువరులారా, మీ యింట్లోనూ ఇలాంటి పొట్లం ఉంటే, దానిని ప్రేమతోనే ఎవరో తెచ్చి ఉంటారు. దాచకండి. డాక్టరుగారి బల్ల మీద పెట్టి అడగండి.